ఉత్తరమేరూరు సభామండపము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక మాజీ సర్పంచి చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో చట్టమును గూర్చియు, నిధులను గూర్చియు, దస్త్రములను గూర్చియు అధికారులు మీకు బోధించిరి. నేను బోధించుటకు వచ్చినవాడను కాను. అయిదేండ్లు సర్పంచిగా పనిచేసి దిగినవాడను. ఇటీవల ఒక ఊరు చూచి వచ్చితిని. అక్కడ ఒక గోడమీది మాటలు నన్ను కొంత కలవరపెట్టినవి. వానిని మీకు వినిపించుటయే నా ఉద్దేశము.

ఆ ఊరు ఉత్తరమేరూరు. చెన్నపట్టణమునకు నైరుతి దిక్కున సుమారు 90 కిలోమీటర్ల దూరములో, కాంచీపురము జిల్లాలో నున్న చిన్న పట్టణము. చెన్నపట్టణము మనకు క్రొత్తది కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు కోస్తా, రాయలసీమ జిల్లాలకు అదియే రాజధాని. నేటికిని మనవారు వైద్యమునకు, వ్యాపారమునకు అక్కడికి పోవుచునే యున్నారు. కంచికి పోయి కామాక్షిని, వరదరాజస్వామిని సేవించి, పట్టుచీరలు కొని తిరిగివచ్చువారు వేలమంది. కాని కంచికి సుమారు 30 కిలోమీటర్ల దూరముననే యున్న ఈ ఊరిని చూచువారు అరుదు. పంచాయతీలో కూర్చుండువారు మాత్రము తప్పక చూడవలసిన ఊరది.

మా మండలమునుండి పదిమందిమి బయలుదేరితిమి. కొందరము పాతవారము, కొందరు నేటి సభ్యులు. చెన్నపట్టణములో రాత్రి నిలిచి, తెల్లవారగనే బస్సెక్కి చెంగల్పట్టు మీదుగా పోతిమి. దారి పొడవున చెరువులు, వాని క్రింద వరిపొలములు. మన సీమలోని చెరువుల క్రింది ఊళ్లవలెనే తోచినది.

ఉత్తరమేరూరు క్రీ.శ. 8వ శతాబ్దమున పల్లవుల కాలములో వెలసినది. వేదము చదివిన బ్రాహ్మణులకు దానమిచ్చిన ఊరు గనుక దీనిని చతుర్వేదిమంగళమనిరి. పల్లవుల తరువాత చోళులు, పాండ్యులు, మన తెలుగు చోళులు, విజయనగర ప్రభువులు దీని నేలిరి. సుందర వరదరాజస్వామి ఆలయములో మూడంతస్తుల విమానము కలదు. ఒక అంతస్తున నిలుచుండి, ఒక అంతస్తున కూర్చుండి, ఒక అంతస్తున శయనించి శ్రీమహావిష్ణువు దర్శనమిచ్చును. కైలాసనాథాలయమును ప్రాచీనమైనదే. వీనిని చూచిన పిమ్మట వైకుంఠ పెరుమాళ్ ఆలయమునకు పోతిమి. మేము వచ్చినది దానికొరకే.

అది పెద్ద గుడి కాదు. దీర్ఘచతురస్రాకారపు రాతి కట్టడము. పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది. ఊరి మహాసభ కూడినది ఈ మండపముననే యందురు. దీని రాతిగోడలమీద అక్షరములు వరుసలు వరుసలుగా చెక్కబడియున్నవి. ఊరివారైన విశ్రాంత ఉపాధ్యాయులొకరు మాకు వానిని వివరించిరి. వారి ఇంటి భాష తెలుగే.

అక్కడి శాసనములలో రెండు మిక్కిలి ప్రసిద్ధమైనవి. చోళరాజు మొదటి పరాంతకుని కాలమున క్రీ.శ. 919లో ఒకటి, 921లో ఒకటి చెక్కబడినవి. శాసన పరిశోధకులు వి. వెంకయ్యగారు 1904-05 నాటి పురావస్తుశాఖ వార్షిక నివేదికలో వీనిని ప్రకటించి లోకమునకు తెలిపిరి. ఇవి రాజు గెలిచిన యుద్ధములను చెప్పుటకు వ్రాయించినవి కావు. ఊరి సంఘములకు సభ్యులను ఏ విధముగా ఎన్నుకొనవలెనో, ఎవరిని ఎన్నుకొనరాదో రాజోద్యోగి సమక్షమున మహాసభవారు చేసికొన్న నిబంధనలు.

ఊరిని 30 వార్డులుగా విభజించిరి. వార్డునకు వారి పేరు కుడుంబు. సంఘమునకు వారి పేరు వారియము. సంవత్సర సంఘమునకు 12 మంది, తోటల సంఘమునకు 12 మంది, చెరువు సంఘమునకు ఆరుగురు. బంగారమును పరీక్షించు సంఘము మొదలైనవి వేరుగా కలవు. పదవీకాలము 360 దినములు. ఊరి పెద్దచెరువునకు శాసనములలో వైరమేఘ తటాకమని పేరు. చెరువు పూడిక తీయించుటకై దాతలు సొమ్ము నిలువచేసి అప్పగించినట్లు శాసనములు చెప్పుచున్నవి. కావున ఆ ఆరుగురి పని పేరునకు మాత్రమే యున్నది కాదు.

సభ్యుడు కాదగినవాడు పన్ను కట్టు భూమి కలవాడై, సొంత స్థలములో కట్టిన ఇంట కాపురముండవలెను. వేదశాస్త్ర జ్ఞానము, వ్యవహారజ్ఞానము ఉండవలెను. న్యాయముగా ఆర్జించినవాడై యుండవలెను. వెనుకటి మూడేండ్లలో ఏ సంఘములోను పనిచేసియుండరాదు. వయస్సు 919 నాటి శాసనములో 30కి పైబడి 60కి లోబడి యుండవలెననిరి. రెండేండ్లకే దానిని 35కి పైబడి 70కి లోబడి యని మార్చిరి. తాము చేసిన నియమము చాలదని తోచినప్పుడు దిద్దుకొనుటకు వారు సిగ్గుపడలేదు.

ఇక ఎన్నిక విధానము వినుడు. ప్రతి వార్డులోను అర్హుల పేర్లు తాటాకు ముక్కలమీద వ్రాసి, వార్డు పేరుతో కట్ట కట్టుదురు. 30 కట్టలను కుండలో వేయుదురు. పిన్నలు పెద్దలు అందరు కూడిన సభలో, అర్చకులందరు చూచుచుండగా, వారిలో వృద్ధుడైనవాడు లేచి ఆ కుండ నెత్తి జనులందరకు చూపును. దగ్గర నిలుచున్న బాలుడొకడు, లోపల ఏమున్నదో ఎరుగనివాడు, ఒక కట్టను తీయును. దానిని విప్పి వేరొక కుండలో వేసి కలిపి, అందులోనుండి ఒక ఆకును తీసి మధ్యస్థుని కిచ్చును. మధ్యస్థుడు అయిదు వ్రేళ్లును చాచిన అరచేతితో దాని నందుకొనవలెను. పిడికిట వేరొక ఆకు దాచుకొనుటకు వీలుండరాదని కాబోలు! ఆ పేరును అతడు బిగ్గరగా చదువును. పిమ్మట అర్చకులందరును చదువుదురు. అప్పుడు గాని ఆ పేరు అంగీకృతము కాదు.

మాతో వచ్చిన ఒక సోదరి మా ఊరి వార్డు సభ్యురాలు. కూలినాలి చేసికొను కుటుంబములో పుట్టినది. ఆమె ఇంతవరకు విని, "పంతులుగారూ, ఆ కుండలో నా పేరు వ్రాసిన ఆకు వేసెడివారా?" అని అడిగినది.

"లేదమ్మా," అని వారు ఏమియు దాచక చెప్పిరి. "ఇది అగ్రహారము. సభ్యులు కాదగినవారు భూమిగల బ్రాహ్మణ పురుషులు. స్త్రీలకు గాని, ఆ భూములను దున్నినవారికి గాని చోటు లేదు."

ఆమె కొంతసేపు గోడవైపు చూచి, "నియమము మంచిదే. కుండయే చిన్నది," అన్నది.

సోదరులారా, ఇంతకు మించి నేను చెప్పగలది లేదు. ఆ కుండను పెద్దది చేయుటకు మనకు వెయ్యేండ్లకు పైగా పట్టినది. 73వ రాజ్యాంగ సవరణ 1992లో ఆమోదము పొంది 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. గ్రామసభకు రాజ్యాంగములో స్థానము లభించినది. షెడ్యూల్డు కులములకు, తెగలకు జనాభాను బట్టియు, స్త్రీలకు మూడవ వంతుకు తక్కువ గాకుండను స్థానములు ఏర్పడినవి. మన రెండు తెలుగు రాష్ట్రములలో స్త్రీలకు సగము స్థానములు కలవు. నేడు 21 ఏండ్లు నిండినవారు భూమి లేకున్నను, ఏ కులమువారైనను పోటీ చేయవచ్చును. కుండ పెద్దదైనది. మరి ఆ మంచి నియమములు మనలో నున్నవా?

నన్ను కలవరపెట్టిన భాగము ఇప్పుడు చెప్పెదను. ఎన్నుకొనరానివారి పట్టికలో లంచము తిన్నవారు, పరధనము హరించినవారు కలరు. కాని అందరికంటె ముందు చెప్పబడినవాడు లెక్క చెప్పనివాడు. వెనుక ఏదేని సంఘములో పనిచేసి లెక్కలు ఒప్పగింపనివాని పేరు కుండలోనికి రారాదు. అతని తండ్రి, కొడుకు, అన్నదమ్ములు, మేనమామ, మామగారు, అల్లుడు, బావమరది, వీరి పేర్లును రారాదు. లెక్కలు వ్రాయు కరణమును తన లెక్కను పెద్దలకు ఒప్పగించి నిజాయితీపరు డనిపించుకొనువరకు మరల ఆ పనికి తగడు. ఎవడు వ్రాసిన లెక్కను వాడే వచ్చి ఒప్పగింపవలెను. దానిని ముగించుటకు వేరొకని నియమింపరాదు.

పంతులుగారు "బావమరది" అను మాట చదివినప్పుడు నేను తల వంచుకొంటిని. నేను సర్పంచిగా నున్నప్పుడు మా వీధికి మురుగుకాలువ కట్టించితిమి. దానికి ఇసుక, కంకర తోలినది నా బావమరది ట్రాక్టరు. ఇతరుల కిచ్చిన ధరయే అతనికిని ఇచ్చితిమి. ఆడిటులో అభ్యంతరము రాలేదు. పద్దు పుస్తకము బీరువాలో భద్రముగా నున్నది. కాని ఆ లెక్కను గ్రామసభలో నేను చదువలేదు. అడిగినవారు లేరు గదా యని ఊరకుంటిని. అడుగలేదే గాని అనుకొనుట మానలేదు. కాలువ సగము సర్పంచి ఇంటిలోనికి పారినదని రచ్చబండవద్ద చెప్పుకొనిరి. గ్రామసభకు వచ్చువారు తగ్గిరి. మరుసటి ఏడు మంచినీటి కొళాయిలకు ఇంటింటికి కొంత సొమ్ము వేసికొందమనగా ఒక్కరును ముందుకు రాలేదు. ఆ వేసవి అంతయు మా ఆడువారు బిందెలతో పొలముల బావులకు నడిచిరి. నేను దొంగిలింపలేదు. అయినను ఊరు నష్టపడినది. లెక్క సరిగా ఉండుట వేరు, లెక్క చెప్పుట వేరు అని నాకు ఆ గోడముందు తెలిసినది.

తిరుగు ప్రయాణమున ఆ సోదరితో, "అమ్మా, వచ్చు గ్రామసభలో నా కాలువ లెక్క అడుగుము," అంటిని. ఆమె నవ్వి, "నీవు చెప్పకున్నను అడిగెడిదాననే అన్నా," అన్నది.

ఆమె అడిగినది. పంచాయతీ కార్యదర్శి చదువబోగా నేను పుస్తకము తీసికొని, ఎవడు వ్రాసిన లెక్క వాడే చెప్పవలెనని పలికి, నేనే చదివితిని. సిమెంటు ఎన్ని బస్తాలు, కూలి ఎంత, ట్రాక్టరు ఎవరిది, అతడు నాకేమగును, అన్నియు చదివితిని. సభ నిశ్శబ్దముగా విన్నది. చివర ఒక వృద్ధుడు లేచి, "ఈ నాలుగు మాటలు ఆనాడే చెప్పియున్న మన బిందెల బాధ తప్పియుండును గదా నాయనా," అన్నాడు. దానికి నావద్ద సమాధానము లేదు.

కావున నా మనవి ఇంతియే. పని పూర్తియైన పిమ్మట వచ్చు మొదటి గ్రామసభలోనే దాని లెక్క చదువుడు. చదువురానివారికి గూడ అర్థమగునట్లు చదువుడు. పని చేసినవాడు మీకు బంధువైనచో వారు అడుగకముందే మీరే చెప్పుడు. పంచాయతీ గోడమీద వ్రాయించుడు. మన గోడ వెయ్యేండ్లు నిలువనక్కరలేదు. మరుసటి ఎన్నికవరకు అందరును చదువుకొనునట్లు నిలిచిన చాలును.

ఈ సారి చెన్నపట్టణమునకు పోయినప్పుడు ఒక పూట మిగుల్చుకొని ఉత్తరమేరూరు చూచి రండు. ఒంటరిగా గాక, మీతో పనిచేయువారిని, మిమ్ము ప్రశ్నించువారిని గూడ వెంటబెట్టుకొని పొండు.