మన పనిముట్లు మన చేతిలోనే ఉండాలి



దండారి పోస్టరైనా, సంఘం బ్యానరైనా, పాట వీడియో అయినా ఇప్పుడు మన పిల్లలే చేస్తున్నారు. చాలా సంతోషం. అయితే దేనితో చేస్తున్నామో కూడా చూసుకోవాలి. నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్‌తో చేస్తే, కట్టలేని నెలలో మన ఫైలే మనకు తెరుచుకోకపోవచ్చు. దొంగ కాపీ వేసుకుంటే చట్టరీత్యా తప్పు, పైగా వైరస్ భయం.

అందుకే మా హాస్టల్‌లో పిల్లలతో కలిసి మేము ఓపెన్ సోర్స్‌కు మారాం. బొమ్మలకు క్రిటా, ఫొటోలకు గింప్, లోగోలకూ పోస్టర్లకూ ఇంక్‌స్కేప్, పాటల రికార్డింగుకు ఆడాసిటీ. వీటికి డబ్బు కట్టక్కర్లేదు. ఒకరు దింపుకొని పెన్‌డ్రైవ్‌లో పది మందికి పంచినా తప్పు కాదు, లైసెన్సే ఆ హక్కు ఇస్తుంది. నెట్ అందని గూడేలకు ఇది పెద్ద మేలు.

ఇక లిపి సంగతి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల పేరు మీదున్న గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. దాని నోటో ఫాంటు కూడా ఉచితమే. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పాట, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. అదే యూనికోడ్‌లో కొట్టి, బొమ్మను ఎస్‌వీజీలో దాచుకుంటే రేపు వేరే సాఫ్ట్‌వేర్‌లోనూ తెరవొచ్చు. అవ్వలు పాడిన పాట మీ పిల్లలదాకా చేరాలంటే ఈ జాగ్రత్త తప్పదు.

ఇబ్బందులు లేవని చెప్పం. మెనూలు వేరు, షార్ట్‌కట్‌లు వేరు. చేయి తిరగడానికి కొన్ని వారాలు పడుతుంది. ప్రెస్ వాళ్లు తమ ఫార్మాటే కావాలంటారు. వాళ్లకు స్క్రైబస్‌లో నాలుగు రంగుల పీడీఎఫ్ తీసి ఇవ్వొచ్చు. అన్నీ ఒకేసారి మార్చకండి, ముందు ఒక్క పోస్టరుతో మొదలుపెట్టండి.

ఉచితం కదా, నాసిరకమేమో అనుకోవద్దు. 2025లో ఆస్కార్ అందుకున్న యానిమేషన్ సినిమా 'ఫ్లో'ను బ్లెండర్‌తోనే తీశారు. ఆ బ్లెండర్‌ను నడిపిన కంపెనీ 2002లో మూతపడితే, వాడుకునేవాళ్లే చందాలేసుకొని లక్ష యూరోలు కట్టి దాన్ని అందరిదీ చేశారు. ఊరి పండుగకు ఇంటింటా చందా వేసుకునే మనకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు.

వాడుకోండి, నేర్చుకోండి, మీ తర్వాతివాళ్లకు నేర్పండి. జై సేవ.