ఇంటిపేరు కోసం వచ్చిన అక్కయ్య



కరువు భత్యం సంగతి నా ముందు మాట్లాడినవారు చెప్పారు గనుక నేను వేరే విషయం మనవి చేస్తాను.

1860 నవంబరు 16న మదరాసు నుండి ‘ట్రూరో’ అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అప్పటి నుండి 1911 వరకు 1,52,000 మందికి పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా, ఎక్కువగా చెరకు తోటల్లో పనికి, అక్కడికి వెళ్లారు. అందులో తెలుగువారూ ఉన్నారు. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక నెంబరు వేసి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం రాశారు. మన సర్వీసు రిజిస్టరులో లాగా ఒంటిమీది గుర్తులు కూడా! ఆ రిజిస్టర్లు నేటికీ ఉన్నాయి. ఆ గుమాస్తాలకు దండం పెట్టాలి. ఇంటిపేరుకు మాత్రం కాలమ్ లేదు.

అలాంటి కాగితం నకలు పట్టుకుని రెండేళ్ల క్రితం డర్బన్ నుండి ఒక పెద్దావిడ, కొడుకుతో వచ్చారు. తాలూకా రేపల్లె, జిల్లా కృష్ణా అని ఉండటంతో ముందు మచిలీపట్నంలో రెండు రోజులు తిరిగారట. గుంటూరు జిల్లా 1859లో రద్దయి 1904లో మళ్లీ ఏర్పడింది. ఆ నలభై అయిదేళ్లూ తెనాలి, బాపట్ల, రేపల్లె కృష్ణా జిల్లాలోవే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా వచ్చాక రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. ఊరు కదలకుండానే ఇన్ని బదిలీలు!

ఊరి పేరు ఇంగ్లీషు రాతలో వంకర తిరిగినా పైకి చదివితే పోల్చుకోగలిగాను. పూర్వమైతే కరణంగారు మూడు తరాలు నోటికి చెప్పేవారు. 1984లో ఆ ఉద్యోగాలు తీసేశారు. రామాలయం అరుగు మీద కూర్చుని వాకబు చేసి ఒక ఇంటికి వెళితే తలుపు సగమే తీశారు. పొలంలో వాటాకు వచ్చామేమోనని భయం. ఉన్నది ఎకరంన్నర, వారి భయం వారిది. వాటా అక్కర్లేదని రెండుసార్లు చెప్పాక ఆ ఇంటి పెద్దాయన, “మా తాతయ్యకు అన్న ఒకాయన చెన్నపట్నం పోయి మళ్లీ రాలేదని మా నాయనమ్మ చెప్పేది” అన్నారు. ఆయన చెప్పిన ముత్తాత పేరు, కాగితంలోని తండ్రి పేరు ఒకటే.

అంతమాత్రాన రుజువైనట్లు కాదు. ఆ పేరు ఊళ్లో ఇంకా నలుగురికి ఉండవచ్చు. ఆఫీసు ఫైలైతే మరిన్ని ఆధారాలు కావాలని తిప్పి పంపేవాడిని. కాని పెద్దాయన వరస లెక్కగట్టి “అక్కయ్యా, లోపలికి రా” అన్నారు. కోడలు ఆకులు వేసింది.

భోజనాలయ్యాక ఆవిడ అడిగింది ఒక్కటే, మీ ఇంటిపేరు ఏమిటని. వారి పేరు చివర ఉన్న నాయుడు అక్కడ ఎన్నో కుటుంబాలకు ఉన్నదే. తెలుగు అక్షరాలు రావు గనుక నేను కాగితం మీద పెద్దగా రాసిచ్చాను. తెనాలి స్టేషన్ చేరేదాకా కారులో నా చేత మళ్లీ మళ్లీ పలికించుకున్నారు.