మన కారుకి మనమే కాపలా

(హెర్న్‌డన్‌లో తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక అధ్యక్షులవారు "కారుకి అలారం ఎవరికి వారే బిగించుకోవడం గురించి మాట్లాడతారు" అని నన్ను పరిచయం చేయగానే, ముందు వరసలో ఒక పెద్దాయన "ఈయన మెకానిక్కా?" అని పక్కాయన్ని అడిగారు. కాదండీ. మీలో చాలామందిలాగే కంప్యూటరు ముందు కూర్చుని పొట్టపోసుకునేవాణ్ణే. కాకపోతే చేతులు కాల్చుకున్న అనుభవం ఉంది. నేను ఆకులు పట్టుకున్నది ఆ తర్వాతే. మీరు ముందే పట్టుకుంటారని ఈ నాలుగు మాటలు.

మన ఊరికి ఈ పేరు ఎలా వచ్చిందో చాలామందికి తెలిసే ఉంటుంది. 1857లో కాలిఫోర్నియా బంగారం మోసుకొస్తున్న సెంట్రల్ అమెరికా అనే ఓడ తుఫానులో చిక్కుకుంది. దాని కెప్టెన్ విలియం లూయిస్ హెర్న్‌డన్ ఆడవాళ్ళనీ పిల్లల్నీ ముందు పడవలెక్కించి, తాను ఓడతో పాటే మునిగిపోయాడు. బంగారం పోతే పోయింది, మనుషులు ముందు అనుకున్న మనిషి. ఆయన పేరు పెట్టుకున్న ఊళ్ళో ఉంటూ ఆ పాఠం నేను ఎంత ఆలస్యంగా నేర్చుకున్నానో వినండి.

2000లో హెచ్-1బి మీద ఇక్కడికి వచ్చాం. సిల్వర్ లైను రైలు హెర్న్‌డన్‌కి వచ్చింది 2022 నవంబరులో కదా! అప్పట్లో కారు లేకపోతే పాలడబ్బా కోసం కూడా ఎవరినో బతిమాలుకోవాల్సిందే. అందుకని ఒక పాత క్యామ్రీ కొన్నాను. లాన్‌హామ్‌లో శివవిష్ణు ఆలయానికి తీసుకెళ్ళి పూజ చేయించి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. మూడు వారాలు తిరక్కుండానే ఒకరోజు పొద్దున్న చూస్తే అద్దం పగిలి ఉంది. రేడియో పోతే పోయింది, వెనక సీట్లో పెట్టిన సంచీ కూడా పోయింది. అందులో నా డిగ్రీ సర్టిఫికెట్లు, వీసా కాగితాలు ఉన్నాయి. ఆ కాగితాలు లేకపోతే మన బతుకేమిటో మీకు చెప్పక్కర్లేదు.

ఆ ఉక్రోషంలో అలారం కిట్టు కొన్నాను. షాపులో బిగించడానికి కిట్టు ఖరీదు కన్నా ఎక్కువ అడిగారు. "ఇంజనీరింగు చదివి నాలుగు వైర్లు కలపలేనా?" అనుకున్నాను.

డబ్బా విప్పితే ఉండేవి ఇవి: మెదడు లాంటి ఒక చిన్న పెట్టె, సైరను, కుదుపుని పసిగట్టే సెన్సరు, బానెట్టు కింద పెట్టే మీట, మిణుకు మిణుకుమనే ఎర్ర దీపం, స్టార్టరుని ఆపే రిలే, రెండు రిమోట్లు, ఇంకా వాలే స్విచ్చి అనే ఒక బుల్లి మీట. ఈ చివరిదాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

మొదటి నియమం: బాటరీ నెగటివ్ తీగ ఊడదీయకుండా దేనినీ కొయ్యకూడదు, అతకకూడదు. కరెంటు ఉందో లేదో చూడాల్సినప్పుడు మాత్రం తగిలించి, చూసుకుని, మళ్ళీ తీసేయాలి. రెండో నియమం: పసుపు తొడుగు ఉన్న వైర్ల జోలికి వెళ్ళకూడదు. అవి ఎయిర్‌బ్యాగువి. మూడోది: బల్బు ఉన్న టెస్టరు వాడకూడదు. బల్బు తను వెలగడానికి కరెంటు లాగుతుంది, ఆ కాస్తకే సున్నితమైన సర్క్యూట్లు పాడవచ్చు. డిజిటల్ మల్టీమీటరే వాడాలి.

ముఖ్యంగా వెతకాల్సిన వైర్లు నాలుగు. ఎప్పుడూ పన్నెండు వోల్టులు ఉండేది ఒకటి. తాళం తిప్పాక వచ్చి, ఇంజను స్టార్టవుతున్నప్పుడు కూడా పోకుండా ఉండేది రెండోది. తలుపు తీస్తే మారేది మూడోది. జపాను కార్లలో చాలావాటికి తలుపు తీయగానే ఆ వైరు నెగటివ్ అవుతుంది, ఫోర్డు లాంటి కొన్నింటిలో పాజిటివ్. ఊహించకండి, మీటరుతో చూసుకోండి. నాలుగోది ఎర్తు. దానికి రంగు గీకేసిన శుభ్రమైన ఇనుము కావాలి. సగం అలారాలు అకారణంగా అరవడానికి కారణం సరిగా పడని ఎర్తు, మరీ సున్నితంగా పెట్టిన సెన్సరు. ఫ్యూజు కరెంటు తీసుకునే చోటికి దగ్గరగా ఉండాలి. సైరను మూతి కిందికి చూడాలి, లేకపోతే వాన నీళ్ళు నిండుతాయి. అతుకులు మెలిపెట్టి వదిలేయకుండా సోల్డరు చేసి చుట్టాలి.

ఇక రిలే. దీన్ని స్టార్టరు వైరు మీదే పెట్టాలి. పెట్రోలు పంపుకో ఇగ్నిషనుకో పెడితే, అది ఎప్పుడైనా చెడినప్పుడు టోల్ రోడ్డు మీద అరవై మైళ్ళ వేగంలో బండి ఆగిపోతుంది. స్టార్టరు మీదైతే, నడుస్తున్న బండిని అది ఏమీ చేయలేదు.

ఇదంతా రెండు శనివారాల్లో చక్కగా చేశాను. మీట నొక్కితే "కుయ్" మంది. మా ఆవిడకి చూపించి మురిసిపోయాను.

2001 ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండు గంటలకి ఆవిడకి నొప్పులు మొదలయ్యాయి. సంచీ పట్టుకుని కిందికి దిగి రిమోటు నొక్కాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. లోపలి బాటరీ అయిపోయింది. రెండో రిమోటు ఆఫీసు సొరుగులో ఉంది. తాళంతో తలుపు తీయగానే సైరను అందుకుంది. అపార్టుమెంట్లన్నిటిలో దీపాలు వెలిగాయి. తాళం తిప్పితే ఇంజను కదల్లేదు. కదలకుండా నేనే కదా చేసింది!

అలాంటప్పటికోసమే ఆ వాలే స్విచ్చి. తాళం తిప్పి ఆ మీట నొక్కితే అలారం చాలించుకుంటుంది. కానీ దొంగకి దొరక్కూడదని దాన్ని డాష్‌బోర్డు కింద కార్పెట్టు వెనక ఎక్కడో దాచాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే తడుముకుంటున్నాను, దొరకదు. మా ఆవిడ అంత నొప్పిలోనూ, "ఏవండీ, దొంగల సంగతి దేవుడెరుగు, మనమే ఎక్కలేకపోతున్నాం కదండీ" అంది.

కొడుకు దగ్గరికి వచ్చి ఉన్న గుంటూరు పెద్దాయన ఒకరు శాలువా కప్పుకుని దిగివచ్చారు. "బాబూ, ముందు అమ్మాయిని మా బండి ఎక్కించు. నీ కారు అరుచుకుంటే అరుచుకోనీ" అన్నారు. వాళ్ళబ్బాయి తీసుకెళ్ళాడు. ఆసుపత్రి చేరిన నలభై నిమిషాలకి మా అమ్మాయి పుట్టింది.

ఆ రాత్రి ఇంకో పది నిమిషాలు తడుముకుంటూ కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోబుద్ధి కాదు. అందుకే చెబుతున్నాను: అలారం బిగించడంలో ఆఖరి మెట్టు వైరు కాదు, ఇంట్లోవాళ్ళు. వాలే స్విచ్చి ఎక్కడుందో, ఎలా నొక్కాలో బండి నడిపే ప్రతి ఒక్కరికీ చూపించి, కళ్ళు మూసుకుని నొక్కగలిగేదాకా వాళ్ళచేత నొక్కించండి. రిమోటు బాటరీ ఏడాదికోసారి మార్చండి. రెండో రిమోటు ఇంట్లో ఉంచండి.

ఇప్పుడు కాలం మారింది. కొత్త కార్లలో తలుపులూ దీపాలూ ఒకే జత వైర్ల మీద కబుర్లు పంపుకుంటాయి. వాటిని నేను చేసినట్టు కోసి అతకకూడదు. ఆ కారుకి సరిపడే మాడ్యూలు కావాలి, తెలిసినవాళ్ళచేత పెట్టించుకోవడమే మేలు. తాళం బయటికి తీయకుండానే తెరుచుకునే కార్లకి ఇంకో బెడద ఉంది. ఒక దొంగ మీ గుమ్మం దగ్గర, ఇంకొకడు కారు దగ్గర నిలబడి తాళం సంకేతాన్ని అందుకుని అందిస్తారు. రాత్రిపూట తాళాన్ని మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో పెట్టండి. డబ్బాతో సహా కారు దగ్గరికి వెళ్ళి చూడండి, తలుపు తెరుచుకుంటే ఆ డబ్బా పనికిరాదు.

అలాగని పాత పద్ధతికి కాలం చెల్లిందనీ అనలేం. తాళంలో చిప్పుని గుర్తుపట్టే ఇమ్మొబిలైజరు కెనడాలో 2007 నుంచి కొత్త కార్లకి తప్పనిసరి. అమెరికాలో అలాంటి నియమం పెట్టలేదు. 2011 నుంచి 2022 దాకా ఇక్కడ అమ్మిన హ్యుందాయ్, కియా కార్లలో తాళం తిప్పి నడిపేవాటికి చాలావాటిలో అది లేదు. దొంగతనం ఎలా చేయాలో చూపించే వీడియోలు పాకిపోయాక, 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీలు ఉచితంగా సాఫ్ట్‌వేరు మార్చడం మొదలుపెట్టాయి. సెకండ్‌హ్యాండు కారు కొనేవాళ్ళు ఆ మార్పు జరిగిందో లేదో కనుక్కోండి.

మా అమ్మాయి మొన్నామధ్య అలాంటి పాత కారే కొనుక్కుని, "నాన్నా, అలారం నువ్వే పెట్టు" అంది. ఇద్దరం గరాజులో కూర్చుని పెట్టాం. మీటరు తనే పట్టుకుంది. పని అయ్యాక స్విచ్చి ఎక్కడ పెట్టానో చూపించబోతే నవ్వి, "ముందు అమ్మకి చూపించు" అంది.

చూపించానండీ. ముందు ఆవిడకే చూపించాను.