అండాశయ క్యాన్సరునకు పెద్ద ఆపరేషను: ఫలమెంత?

(మహిళా విభాగపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



స్త్రీల వ్యాధిని గూర్చి వర్తకులు మాట్లాడుట యేమని కొందరికి తోచవచ్చును. మేము వైద్యులము కాము. అయినను ఇంటిలో పెద్ద జబ్బు వచ్చినపుడు డాక్టరుగారి యెదుట కూర్చుండి ‘చేయుడు’ అనియో ‘వలదు’ అనియో చెప్పువారమును, కాగితముపై సంతకము చేయువారమును మనమే కదా. అందుచేత తెలిసిన వైద్యుల నడిగియు, ప్రకటితములైన పరిశోధనలను చదివించుకొనియు గ్రహించిన సంగతులను మనవి చేయుచున్నాము.

ఈ వ్యాధి చప్పుడు లేక వచ్చును. కడుపుబ్బరము, రెండు ముద్దలకే కడుపు నిండినట్లుండుట, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికి మూత్రమునకు పోవలసి వచ్చుట: ఇవి లక్షణములు. ఇవి లేని యిల్లేది? వాము నమలి, సోడా త్రాగి, గ్యాసని త్రోసివేయుదురు. అందుచేత అధిక సంఖ్యాకులలో వ్యాధి కడుపంతటను ప్రాకిన పిమ్మటనే బయటపడుచున్నది. ముందుగా పసిగట్టు ఉపాయమునకై బ్రిటనులో రెండు లక్షలకు పైబడిన స్త్రీలను ఏండ్ల తరబడి పరిశీలించిరి. ఏటేట రక్తపరీక్షయో స్కానింగో చేసి చూచినను మరణములు తగ్గలేదని 2021లో తేలినది. కావున క్రొత్తగా వచ్చిన ఉబ్బరము కొన్ని వారములు విడువకున్నచో, ముఖ్యముగా ఏబదియేండ్లు దాటిన వారు, వామును నమ్ముకొనరాదు.

‘ప్రాకినది’ అను మాట విన్నంతనే మనవారు రెండు విధముల తొందరపడుదురు. ఇక కోసి లాభము లేదని ఇంటికి తీసికొనిపోవువారు కొందరు. దగ్గరనున్న ఆసుపత్రిలో మరునాడే పొట్ట తెఱపించువారు కొందరు. రెండును నష్టమే.

మొదటిదేల నష్టమనగా, ఈ వ్యాధి నడక వేరు. ఇది చాలకాలము కడుపు లోపలి పొరలపైననే ఇసుక చల్లినట్లు వ్యాపించును. మందులకును చాలవరకు లొంగును. అందుచేత సర్జనులు గర్భాశయమును, అండాశయములను, ప్రేగులపై తెరవలె వ్రేలాడు క్రొవ్వుపొరను తీసివేయుదురు. అవసరమైనచో ప్రేగులో కొంత భాగమును, ప్లీహమును, ఊపిరితిత్తుల క్రిందనుండు కండరముపై పట్టిన పొరను సైతము తీయుదురు.

ఎంత తీసితిరన్నది కాదు, ఎంత మిగిలినదన్నదే లెక్క. 1975లో బోస్టను నగరపు వైద్యుడు గ్రిఫిత్సు ఈ సంగతిని అంకెలతో చూపెను. మన వ్యాపార భాషలో చెప్పవలెనన్న, తీర్చిన సొమ్మెంతయైనను మిగిలిన అసలుపై వడ్డీ పెరుగుచునే యుండును గదా. 2009లో ఐరోపా వైద్యులు మూడు పరిశోధనలలోని 3126 మంది స్త్రీల లెక్కలు తీసిరి. కంటికి కనబడునదేదియు మిగులని వారిలో సగము మంది 99 మాసములకు మించి జీవించిరి. ఒక సెంటీమీటరు లోపు గడ్డ మిగిలిన వారికి ఆ లెక్క 36 మాసములు. అంతకు మించి మిగిలినవారికి 30 మాసముల లోపే.

ఈ అంకెలను చూచి పొంగిపోరాదు. సులభముగా తీయదగిన వ్యాధి కలవారే మొదటి వరుసలో చేరియుండవచ్చును గదా! వారి వ్యాధియే కొంత సాధువైనదేమో! పూర్తిగా తీసినను పలువురిలో అది మరల తలయెత్తును. ఆపరేషనుతోపాటు మందులును తప్పవు.

ఇక రెండవ తొందర. ముందు ఆపరేషనా, ముందు మందులా యన్నది పెద్ద వివాదము. 2010లో ప్రకటింపబడిన ఐరోపా పరిశోధనలో 670 మందిని చీట్లు వేసినట్లు రెండు భాగములు చేసి చూచిరి. ముందు ఆపరేషనైన వారికి సగటు ఆయుర్దాయము 29 మాసములు, ముందు మందులిచ్చి నడుమ ఆపరేషను చేసినవారికి 30. ఆపరేషను వెంటనే మరణించినవారు మొదటి భాగములో నూటికి రెండున్నర, రెండవ దానిలో ఒకటికి లోపు. ఆ సర్జనులు తగినంతగా తీయలేదని కొందరు వాదించిరి. అందుచేత ఆరితేరిన కేంద్రములలోనే 688 మందితో మరల చూచిరి. 2025లో వచ్చిన ఫలితమున ముందు ఆపరేషనైన వారికి 54 మాసములు, రెండవ వారికి 48. ఈ తేడా కాకతాళీయము కావచ్చునని వారే చెప్పిరి. కావున ‘ముందు మందులిచ్చెదము’ అని డాక్టరుగారన్నచో ఆశ వదలుకొనిరని తలపరాదు. బలహీనురాలికి అదియే క్షేమము.

ఎక్కువ కోసిన ఎక్కువ మేలనుటయు నిజము కాదు. వ్యాధినంతయు తీసిన పిమ్మట, బాగుగానున్న లింఫు గ్రంథులను గూడ ఏరివేసిన ఆయువు పెరుగునా యని 647 మందిలో చూచిరి. పెరుగలేదు, అరువది దినములలోపు మరణములు మాత్రము నూటికి ఒకటి లోపునుండి మూడునకు పెరిగినవి. ఇది 2019 నాటి మాట.

కావున మన యిండ్లవారు అడుగవలసినది ఆపరేషను ఖర్చొక్కటే కాదు. ఈ వ్యాధికి తమరు ఏటా ఎందరికి ఆపరేషను చేయుచున్నారు? ఏమియు మిగులకుండ తీయగలమని స్కానింగులో తోచుచున్నదా? ప్రేగు కోయవలసివచ్చిన, పొట్టపై సంచి అమర్చవలసి యుండునా, అది కొంతకాలమా, ఎల్లకాలమా? అని నిస్సంకోచముగ నడుగుడు. తమిళనాట మనకు చెన్నపట్టణమున అడయారులో 1954లో స్థాపింపబడిన క్యాన్సరు ఇన్‌స్టిట్యూటు కలదు, వేలూరు కలదు. ఒక వారము ఆలస్యమైనను అట్టిచోట చూపించుకొనుట, తెలియనిచోట సగము కోయించుకొనుట కంటె మేలు.

మరియొక సంగతి కలదు. మూడు తరములుగా, ఆరు తరములుగా ఇచ్చట నున్నను మన పెద్దమ్మలు, అత్తలు బాధను చెప్పుకొనునది తెలుగులోనే. ఆసుపత్రి కాగితములు తమిళమునను ఇంగ్లీషునను ఉండును. నడుమ మగవారు నిలిచి సగము చెప్పి సగము మ్రింగుదురు. ‘ఆమెకు చెప్పకుడు, భయపడును’ అందురు. పొట్ట ఆమెది, సంచి మోయవలసినది ఆమె, మాసముల తరబడి మందు వాంతులు ఆమెవి. ఇంత పెద్ద కోతకు ఒప్పుకొనుటయో, వలదని నొప్పికి మాత్రము మందు కోరుటయో ఆమె నిర్ణయించుకొనవలెను.

అందులకై మన సంఘ కార్యాలయమున ప్రతి ఆదివారము సాయంకాలము ఇంగ్లీషు, తమిళము చదువగల ఇద్దరు సోదరీమణులు కూర్చుండుట కొప్పుకొనిరి. రిపోర్టులను తెలుగున చదివి వినిపింతురు. రోగిని వెంటబెట్టుకొని రండు.