మళ్లీ లెఫ్ట్, రైట్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక నా పేరు పిలిచాక ఈ మైకు దగ్గరికి రావడానికి నాకెంతసేపు పట్టిందో మీరంతా చూశారు. ఆ రెండు కుర్చీల మధ్య సందులో ఆగిపోయాను కూడా. నాకు పార్కిన్సన్స్ జబ్బు ఉందని తెలిసి తొమ్మిదేళ్లయింది. మన బ్యాచ్‌లో ఎవరికీ చెప్పలేదు. గత రెండు సమావేశాలకు పనుండి రాలేదన్నది అబద్ధం. మీరు నన్నిలా చూడటం ఇష్టంలేక రాలేదు.

మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల వచ్చే జబ్బు ఇది. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు దీని గురించి వివరంగా రాశారు. అందరూ దీన్ని వణుకు జబ్బనే అనుకుంటారు. నాకు మొదట వణుకు రాలేదు. నడుస్తుంటే కుడిచెయ్యి ఊగడం మానేసింది. చేతిరాత చీమల బారులా చిన్నదైపోయింది. అంతకు ముందే పోపు వాసన తెలియకుండా పోయింది. భుజం పట్టేసిందని ఏడాదిపాటు నొప్పి మాత్రలు మింగాను. అవన్నీ ఒకే జబ్బు లక్షణాలని తర్వాత తెలిసింది.

ఇది రోజంతా ఒకేలా ఉండదు. లెవోడోపా మాత్ర పనిచేస్తున్నంతసేపూ దాదాపు మామూలు మనిషిని. దాని ప్రభావం తగ్గేసరికి పాదాలు నేలకు అతుక్కుపోతాయి. పొద్దున బజారుకెళ్లి కూరలు తెచ్చినవాణ్ణి, మధ్యాహ్నం మంచినీళ్లకు లేవలేను. "పొద్దున బాగానే నడిచారుగా!" అని మా ఆవిడ అంటే ఒకప్పుడు కోపమొచ్చేది. ఇప్పుడు ఇద్దరం ఒక నోట్‌బుక్‌లో మాత్ర వేళ, తిండి వేళ, నడక తీరు రాస్తున్నాం. పప్పు, పెరుగు, గుడ్డు లాంటి మాంసకృత్తుల తిండితోపాటు వేసుకుంటే నాకు మాత్ర సరిగా పట్టడం లేదని మా డాక్టరుగారు ఆ పుస్తకం చూసే కనిపెట్టారు. ఇప్పుడు భోజనానికి అరగంట ముందే వేసుకుంటున్నాను. దూలగొండి గింజల్లోనూ లెవోడోపా ఉంటుందని ఒక బంధువు పొడి తెచ్చిచ్చాడు. ఉండటం నిజమే. కానీ చెంచాలో ఎంత ఉందో తెలియని మందును మాత్రతో కలపొద్దని డాక్టరుగారు వారించారు.

గుమ్మాల దగ్గర, మలుపుల్లో కాళ్లు ఆగిపోతాయి. అప్పుడెవరైనా చెయ్యి పట్టి లాగితే పడిపోతాను. "కంగారుపడకుండా నిలబడి, లెక్కపెట్టుకుంటూ అడుగెయ్యండి" అన్నారు ఫిజియోథెరపిస్టు. లెక్కపెట్టబోతే నా నోట వచ్చింది మన డ్రిల్లు మాస్టారి "లెఫ్ట్... రైట్..."! ఎండలో గ్రౌండు చుట్టూ తిప్పుతున్నారని ఆయన్నెంత తిట్టుకున్నామో మీకు గుర్తుండే ఉంటుంది.

నేల మీద గీతలున్నా అడుగు సులువుగా పడుతుంది. పొద్దున ఎవరూ రాకముందే మన పాత వరండాలో నడిచి చూశాను. బండల అతుకులు ఒక్కొక్కటీ దాటుకుంటూ ఏడో తరగతి గది దాకా ఆగకుండా వెళ్లాను. చాలా రోజులకు ఏడుపొచ్చింది.

మీలో ఎవరికైనా చెయ్యి ఊగకపోయినా, రాత చిన్నదవుతున్నా వయసని సరిపెట్టుకోకండి. నరాల డాక్టరుకు ఒకసారి చూపించుకోండి.

నా మాత్ర వేళయింది. దిగేటప్పుడు మళ్లీ ఆగిపోతే ఎవరూ లాగకండి. పక్కన నిలబడి లెక్క చెప్పండి చాలు. ఆ లెక్క మనందరికీ వచ్చు.

సెలవు.