తారీఖు లేని ప్రమాదం

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. మన సభల్లో మామూలుగా డి.ఏ. బకాయిల గురించో, హెల్తు కార్డుల గురించో మాట్లాడుకుంటాం. నేను ఈ రోజు చెవుల గురించి మాట్లాడతాను. వెనక వరుసల్లో ఎవరికైనా వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటం వద్దు. నాకూ ఆ ఇబ్బంది ఉంది. కుడి చెవికి మిషను పెట్టుకునే మీ ముందు నిలబడ్డాను.

నేను కార్మిక శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, 2008లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. మధ్యలో కొన్నేళ్లు ఒక జిల్లా కేంద్రంలో నష్టపరిహారం సీటు చూశాను. పనిలో చెయ్యి పోయిన వారు, కాలు పోయిన వారు, ఇంటాయన పోయిన ఆడవాళ్లు ఆ సీటు దగ్గరకే వచ్చేవారు. ఆ సీటులో నేను చేసిన ఒక తప్పు ముందుగా చెప్పి, తర్వాత అసలు విషయానికి వస్తాను.

1993 వేసవి. మధ్యాహ్నం భోజనం వేళ ఒక మనిషి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. రాతి క్వారీలో డ్రిల్లింగు మిషను పట్టేవాడట. ఎవరిచేతనో రాయించిన కాగితం ఒకటి నా బల్ల మీద పెట్టాడు. "ప్రమాదం ఎప్పుడు జరిగింది?" అన్నాను. ఆయనకు వినపడలేదు. మళ్లీ అడిగాను. మూడోసారి అరిచాను. పక్క సీట్ల వాళ్లు నవ్వారు. ఆయన కూడా, ఎందుకో తెలియకపోయినా, వాళ్లతో పాటు నవ్వాడు. కాగితం చూస్తే 'మిషను చప్పుడుకు చెవులు పోయినవి, నష్టపరిహారం ఇప్పించవలెను' అని ఉంది. మా ఫారంలో ప్రమాదం తారీఖు అని ఒక గడి ఉండేది. ఆయన దగ్గర తారీఖు లేదు. "వయసొస్తే అందరికీ చెవుడొస్తుంది, దీనికి కేసు లేదు" అని చేత్తో సైగ చేసి కాగితం తిరిగి ఇచ్చేశాను. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ రోజు నేను చట్టం పుస్తకం తెరిచి ఉంటే సరిపోయేది. అది నా బల్ల సొరుగులోనే ఉంది. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టానికి మూడో షెడ్యూలు ఉంది. అది వృత్తి వ్యాధుల పట్టిక. అందులో 'బి' భాగంలో శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం అని ఒక వరుస, 1984 సవరణ నుంచీ ఉంది. అలాంటి పనిలో ఒకే యజమాని దగ్గర ఎడతెగకుండా ఆరు నెలలు చేసిన మనిషికి ఆ జబ్బు వస్తే, దాన్ని పనిలో జరిగిన ప్రమాదంగానే చట్టం లెక్కవేసేది. జబ్బుకు తారీఖు ఉండదన్న సంగతి చట్టం రాసినవారికి తెలుసు. అందుకే తారీఖు ఎలా కట్టాలో పదో సెక్షనులో వారే రాసిపెట్టారు. తెలియనిది నాకే.

ఇక 2011 సంగతి. నాకు ఫోనులో మాటలు సరిగ్గా అందడం లేదని చెవి డాక్టరు దగ్గరకు వెళ్లాను. తోడుగా మా బావమరిది వచ్చాడు. అతను ఇరవై ఆరేళ్లుగా ఒక ఫ్యాబ్రికేషను షెడ్డులో ఇనప రేకులు సాగగొట్టే పని, గ్రైండింగు పని చేస్తున్నాడు. డాక్టరు గారు నన్ను అడిగే ప్రశ్నలు అతనికీ వినపడటం లేదని గమనించి, ఇద్దరికీ పరీక్ష చేశారు. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూపించారు. నా గీత సన్నని స్వరాల వైపు మెల్లగా వాలుగా దిగింది. అతని గీత 4000 హెర్ట్‌జ్ దగ్గర గోతిలా పడి, ఆ తర్వాత కాస్త పైకి లేచింది. "మీది వయసుది. ఈయనది చప్పుడుది" అన్నారు డాక్టరు గారు.

ఆ మాట వినగానే క్వారీ మనిషి నవ్వు ముఖం నాకు గుర్తొచ్చింది. ఇంటికి వచ్చే దాకా నేను మాట్లాడలేదు. మా బావమరిది "ఏం బావా, నీకు ఎక్కువ చెప్పాడా డాక్టరు?" అని అడిగాడు.

ఆ రాత్రే పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. మొదట చూడవలసింది ఈ.ఎస్.ఐ. ఉన్నదా లేదా అని. ఉంటే ఈ.ఎస్.ఐ. బ్రాంచి ఆఫీసుకే వెళ్లాలి. అక్కడ మెడికల్ బోర్డు శాతం నిర్ణయిస్తే, దాన్ని బట్టి భృతి వస్తుంది. ఒకే జబ్బుకు రెండు చోట్లా తీసుకోవడం కుదరదు. అతనిది ఎనిమిది మంది పనివాళ్ల షెడ్డు, ఈ.ఎస్.ఐ. లేదు. కాబట్టి కార్మిక శాఖలో నష్టపరిహార కమీషనరు వారి దగ్గరే దాఖలు చేయాలి.

రెండోది గడువు. అప్పటి చట్టంలో రెండేళ్లు. లోపం వల్ల పని మానేసిన వారికి, వరసగా పనికి రాని రోజుల్లో మొదటి రోజే ప్రమాదం తారీఖు. లోపంతోనే పని చేస్తున్న వారికి, యజమానికి నోటీసు ఇచ్చిన రోజు నుంచి లెక్క. పని మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు బయటపడితే, బయటపడిన రోజే తారీఖు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కూడా కమీషనరుకు ఉండేది. మా వాడు పనిలోనే ఉన్నాడు కనుక వెంటనే రిజిస్టరు పోస్టులో నోటీసు పంపించాను. ఆ రశీదే మా కేసుకు పునాది.

మూడోది సాక్ష్యం. షెడ్డులో హాజరు పట్టీ లేదు, జీతం చీటీలు లేవు. పండగ బోనసు పుస్తకంలో అతని సంతకాలు, ఇద్దరు తోటి పనివాళ్ల వాంగ్మూలం, అడ్వాన్సు తీసుకున్న చీటీలు, వీటితోనే సర్వీసు రుజువైంది. వినికిడి పరీక్ష కూడా, డాక్టరు గారు చెప్పినట్టు, ఒక రాత్రంతా చప్పుడుకు దూరంగా ఉంచి మళ్లీ చేయించాం. పని నుంచి నేరుగా వెళ్తే తాత్కాలికమైన దిమ్ము కూడా గ్రాఫులో కలుస్తుంది, అవతలి వకీలు దాన్ని పట్టుకుంటాడు.

యజమాని వకీలు అడిగింది ఒకటే. "ఈయన అదే జీతానికి అదే పని చేస్తున్నాడు కదా, ఇక నష్టమేమిటి?" ఇక్కడ జాగ్రత్తగా వినండి. చట్టం కొలిచేది చెవి ఎంత పోయిందని కాదు, సంపాదించే శక్తి ఎంత పోయిందని. వికలాంగుల సర్టిఫికెట్టులో ఉండే శాతం వేరు, ఇది వేరు. దీన్ని అర్హుడైన వైద్యుడు అంచనా కట్టాలి. మా డాక్టరు గారు వచ్చి, పైనుంచి దిగే బరువు చప్పుడు గానీ, తోటివాడి కేక గానీ వినపడని మనిషిని ఆ షెడ్డులో పెట్టడమే అపాయమనీ, ఆ పనికి అతను ఇక తగడనీ చెప్పి, 30 శాతం అన్నారు.

లెక్క కూడా చెబుతాను. అతని జీతం 9,500 అయినా, 2010 మే 31 నుంచి చట్టం లెక్కలోకి తీసుకునే గరిష్ఠ జీతం 8,000 రూపాయలే. అందులో 60 శాతం 4,800. 55 ఏళ్ల వయసుకు షెడ్యూలులో ఉన్న గుణకం 135.56. గుణిస్తే 6,50,688. అందులో 30 శాతం 1,95,206 రూపాయల చిల్లర. చెల్లింపు ఆలస్యమైనందుకు ఏడాదికి 12 శాతం వడ్డీ. రెండేళ్లు తిరిగాక డబ్బు చేతికొచ్చింది. మిషను కొన్నాం, మిగిలింది పోస్టాఫీసులో వేశాం. అతను షెడ్డు మానేసి ఒక గోడౌనులో స్టాకు చూసే పనికి కుదిరాడు. చెవులు మాత్రం తిరిగి రాలేదు. చప్పుడుకు పోయిన చెవి మందులతో బాగుపడదు.

ఆ గరిష్ఠ జీతాన్ని 2020 జనవరి 3 నుంచి 15,000 చేశారు. మరొక ముఖ్య విషయం. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. పాత నష్టపరిహార చట్టం, ఈ.ఎస్.ఐ. చట్టం అందులో కలిసిపోయాయి. కోడులో ఏడో అధ్యాయం ఉద్యోగుల నష్టపరిహారానిదే, వృత్తి వ్యాధుల పట్టిక దాని మూడో షెడ్యూలులో ఉంది. కాబట్టి కొత్తగా దాఖలు చేసేవారు గడువులు, ఫారాలు, మొత్తాలు నా మాట మీద కాకుండా కొత్త కోడు చూసి, కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి నిర్ధారించుకోండి.

మనం ఆఫీసుల్లో కూర్చుని పని చేశాం, మనకెందుకు ఇదంతా అనుకోకండి. మన సంఘంలోనే ప్రెస్సుల్లో, వర్క్‌షాపుల్లో, విద్యుత్ కేంద్రాల్లో చేసిన వారు ఉన్నారు. మన ఇళ్లలో క్రషర్ల దగ్గర, మిల్లుల్లో పని చేసే అల్లుళ్లు, తమ్ముళ్లు ఉన్నారు. టీవీ సౌండు పెంచుతున్నాడని వాళ్లను విసుక్కోకండి. ఒకసారి పరీక్ష చేయించండి. గ్రాఫు కాగితం దాచండి. నోటీసు రాయడం రాకపోతే నా దగ్గరకు రండి. ప్రతి మంగళవారం సాయంత్రం మన సంఘ కార్యాలయంలో ఉంటాను. ముప్ఫై ఏళ్లకు పైగా డ్రాఫ్టులు రాసిన చెయ్యి ఇది, ఇంకా వణకడం లేదు.

చివరగా ఆ క్వారీ మనిషి. మా బావమరిది కేసు అయిపోయాక నేను పాత ఆఫీసుకు వెళ్లాను. నాకు తెలిసిన అటెండరు ఒకడు ఇంకా సర్వీసులో ఉన్నాడు, 1993 ఇన్‌వార్డు పుస్తకం దులిపి ఇచ్చాడు. వేసవి నెలలన్నీ తిరగేశాను. ఆయన పేరు లేదు. ఎలా ఉంటుంది? కాగితం నేను తీసుకుంటే కదా నంబరు పడేది! తీసుకుని, కేసు నిలవదని రాసి ఉన్నా, ఆయన పేరూ ఊరూ ఈపాటికి నా చేతిలో ఉండేవి.

అందుకే మీ పిల్లల్లో ఎవరైనా గవర్నమెంటు కౌంటరు దగ్గర కూర్చుని ఉంటే ఒక మాట చెప్పండి. ముందు కాగితం తీసుకోమనండి, రశీదు ఇవ్వమనండి. కేసు ఉందో లేదో తర్వాత చూడవచ్చు.

 వినపడని వారు మన వార్తాలేఖలో చదువుకోండి.