ఒకే రాయబారం, ఎన్నో గొంతులు



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయన పగలు నాచారంలో ఫ్యాక్టరీ షిఫ్టు చేసి, రాత్రి నాటకానికి హార్మోనియం వాయించిన మనిషి. అలాంటివారి పేరు మీద మాట్లాడేటప్పుడు, చెవితో విని తేల్చుకోవలసిన విషయమే ఎత్తుకోవడం సబబనిపించింది. పాండవోద్యోగ విజయాలలోని రాయబారం సీను గ్రామఫోను ప్లేట్ల మీద, సినిమాల్లో, రేడియోలో, క్యాసెట్లలో ఎన్నో గొంతుల్లో మనకు మిగిలింది. ఎవరు బాగా పాడారన్న వాదన నాటకాభిమానులు ఇద్దరు కలిస్తే చాలు, మొదలవుతుంది. నాకు అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఏ రికార్డు ఎలాంటి ఇరుకులో తయారైంది? ఆ ఇరుకు పద్యాన్ని ఏం చేసింది? ఇది తెలియకుండా ఇద్దరు గాయకులను పక్కపక్కన నిలబెట్టి మార్కులు వేయడం ఇద్దరికీ అన్యాయం.

ముందు మూలం మాట. దివాకర్ల తిరుపతి శాస్త్రిగారు (1872–1920), చెళ్ళపిళ్ళ వెంకట శాస్త్రిగారు (1870–1950) పాండవోద్యోగం, పాండవ విజయం అని రెండు నాటకాలు రాశారు. రంగస్థలం ఆ రెంటినీ కలిపి ఒక్క రాత్రి నాటకం చేసింది. కొన్ని పద్యాలు వదిలింది, కొన్నిటిని నెత్తిన పెట్టుకుంది. అచ్చు పుస్తకం ఒకటైతే, నటుల చేతుల్లో తిరిగిన ప్రతి మరొకటి. హరిశ్చంద్ర నాటకంలో ఇది ఇంకా దూరం పోయింది. కాటి సీనులో జనం కంటతడి పెట్టుకుని విన్న శ్మశానం పద్యాలు జాషువాగారివి. నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతంగారివి కావు. కాబట్టి ఒక రికార్డు మూలానికి దగ్గరగా ఉందా అని అడిగేముందు, ఏ మూలానికి అని అడగాలి. పుస్తకానికా, తెల్లవార్లూ నడిచిన ఆ నాటకానికా?

ఆ నాటకం ఎలా నడిచేదో ఇప్పటి పిల్లలకు కాస్త చెప్పాలి. కాంట్రాక్టరు ఊరూరి నుంచి పేరున్న నటులను పిలిపించి ఒకే వేదిక మీద నిలబెట్టేవాడు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, యుద్ధానికి మరో కృష్ణుడు. జనం ఆ రాత్రి కృష్ణుడి కథ చూడటంతో పాటు కృష్ణులను పోల్చి చూడటానికి కూడా వచ్చేవారు. అంటే ఈ పోలిక మనం కనిపెట్టినది కాదు, ఆ నాటకం కట్టుబడిలోనే ఉంది. పద్యం నచ్చితే వన్స్ మోర్. నటుడు మళ్ళీ అందుకుని, ఈసారి రాగం ఇంకో వైపు తిప్పి, హార్మోనిస్టును కవ్వించి, చివరి పాదం మీద దించేవాడు. మైకులు లేని రోజుల్లో ఆఖరి వరసలో గొంగళి కప్పుకుని కూర్చున్నవాడికీ మాట అందాలి గనక శ్రుతి హెచ్చుగా ఉండేది. ఆ గొంతులు ఇప్పుడు మనకు కీచుగా వినిపిస్తే, తప్పు గొంతుది కాదు. గదిలో కూర్చుని వింటున్నాం మనం.

అలాంటి నటుణ్ణి గ్రామఫోను కంపెనీ తీసుకెళ్ళి ఒక గదిలో నిలబెట్టింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటు ఒక పక్కన పట్టేది మూడు నిమిషాల చిల్లర. శార్దూలానికి పాదానికి 19 అక్షరాలు, నాలుగు పాదాలకు 76. మామూలుగా చదివితే అర నిమిషం కూడా పట్టదు. వేదిక మీద రాగాలాపనతో, వన్స్ మోర్లతో అది ఎంతసేపైనా సాగుతుంది. ప్లేటు మీద మాత్రం సాగడానికి లేదు. ఆలాపన కురచైంది, పద్యాల నడుమ వచనం తెగిపోయింది, ఎదుటి పాత్ర మాయమైంది. రాయబారంలో దుర్యోధనుడు లేడు, సభ లేదు. కృష్ణుడు ఒక్కడే గోడతో మాట్లాడుతున్నాడు. ఆ కాలపు ప్లేటు విని ఫలానా ఆయన రాగం తక్కువ పాడేవాడని తీర్మానించేవారు, గడియారం చేసిన పనిని గాయకుడికి అంటగడుతున్నారు.

అయితే పద్యం మీద గాయకుడి పట్టు ఎక్కడ తెలుస్తుంది? మూడు నిమిషాల్లోనైనా, మూడు గంటల్లోనైనా దాగనిది ఒకటుంది. ‘జెండాపై కపిరాజు’ తీసుకోండి. శార్దూలం. మొత్తం పద్యం ఒకే వాక్యం. అర్జునుడి రథం జెండాతో మొదలై, ముందున్న తెల్లగుర్రాలు, వాటిని తోలే తాను, వింటినారి సారించే అర్జునుడు, చెల్లాచెదరయ్యే సేన, ఇలా ఒక్కొక్కటే కళ్ళ ముందు నిలుపుతూ పోయి, ఆ రోజు నీ మొర వినేవాడు ఒక్కడూ ఉండడన్న చోటికి వచ్చి తగులుతుంది. క్రియ చివరి పాదంలో గాని రాదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. మొదటి పాదం ఆగేది ‘నేను’ అనే మాట మీద. ఆ నేను ఏం చేస్తాడో రెండో పాదంలో గాని తెలియదు. మూడో పాదం చివర అయితే మాటే రెండుగా విరిగి సగం నాలుగో పాదంలోకి దూకుతుంది. కవులు తెలిసి పెట్టిన దూకుడు అదని నా నమ్మకం.

పాదం చివర ఆగి రాగం తీయడం రంగస్థలం అలవాటు. ఈ పద్యంలో అలా ఆగితే విరిగిన మాట ముక్కను పట్టుకుని సాగదీస్తున్నట్టే. స్వరం ఎంత కమ్మగా ఉన్నా వినేవాడికి వాక్యం తెగిపోతుంది. ఊపిరి దాచుకుని ఆ విరుపు దాటి, ఒక్కడూ ఉండడన్న చోట గొంతు దించగలిగినవాడు కృష్ణుడు. అక్కడ కృష్ణుడు అరవనక్కరలేదు. రాబోయేది చూసినవాడు చూసినట్టు చెబితే చాలు. నా దగ్గరికి ఈ పద్యం ఏ గొంతులో వచ్చినా నేను మొదట వినేది మూడో పాదం చివర ఊపిరి. రాగం పేరు ఆ తరవాత.

‘అలుగుటయే’ అన్న చంపకమాలలో పరీక్ష వేరు. అక్కడ కృష్ణుడు ధర్మరాజు శాంతాన్ని పొగుడుతూనే బెదిరిస్తున్నాడు. బెదిరింపు మాత్రమే వినిపిస్తే రాయబారి పోయి భీముడు మిగులుతాడు.

ఈలపాట రఘురామయ్యగారు (1901–1975) గొంతులోని తీపితో జనాన్ని గెలిచిన కృష్ణుడు. వేళ్ళు నోట పెట్టి ఈలతోనే రాగం పలికించిన మనిషికి స్వరం ముందు నడవడం సహజం. ఏలూరు వకీలు బందా కనకలింగేశ్వరరావుగారు (1907–1968) రాగాన్ని పొదుపుగా వాడి, భావం చెడకుండా చూసుకున్న నటుడిగా పేరుపొందారు. కళింగాంధ్ర నుంచి వచ్చిన పీసపాటి నరసింహమూర్తిగారు (1920–2007) ఆ దారినే ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. పద్యం పాడుతున్నా మాట్లాడుతున్నట్టే ఉండాలన్నది ఆ దారి. నా మొగ్గు అటే. కానీ రఘురామయ్యగారి గొంతును ప్లేటు మీద మాత్రమే విన్నవాళ్ళు ఆయన గురించి తీర్పు చెప్పకూడదు. ఆయన కళకు కావలసింది ఎదుట జనం. ప్లేటు సరిగ్గా దాన్నే తీసేసింది.

1967లో శ్రీకృష్ణావతారం సినిమా వచ్చింది. కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వం, టి.వి. రాజుగారి సంగీతం, కృష్ణుడిగా రామారావుగారు, పద్యాలకు ఘంటసాలగారి గొంతు. రంగస్థలం మీద ఏ నాడూ లేనిది ఇక్కడ జరిగింది: పద్యం పాడేవాడు ఒకరు, కృష్ణుడు మరొకరు. దీనికి సాటి బయటి ప్రపంచంలోనూ ఉంది. 1956లో న్యూయార్కులో మొదలైన ‘మై ఫెయిర్ లేడీ’ అనే సంగీత నాటకానికి ఆ ఏడే నటుల గొంతులతో రికార్డు వచ్చింది. నాయిక జూలీ ఆండ్రూస్. 1964లో సినిమా తీసినప్పుడు తెర మీద ఆడ్రీ హెప్‌బర్న్ కనిపించింది, పాటల్లో చాలామటుకు మార్నీ నిక్సన్ పాడింది. ఈ రెండు రికార్డుల అభిమానులు ఈనాటికీ రాజీపడలేదు. అక్కడ జనం అరువు గొంతు అని గొణిగారు. మనవాళ్ళు అలా అనుకోలేదు. ఘంటసాలగారి గొంతు రామారావుగారి ముఖంతో అతికిపోయింది.

ఘంటసాలగారు చేసింది చిన్న పని కాదు. రంగస్థల పద్యంలో వ్యవధి ఎంతైనా తీసుకోవచ్చు. సినిమాలో షాటు మారేలోగా పద్యం అయిపోవాలి. ఆయన రాగాన్ని ఒక గుక్కెడుకు కుదించి, ఆ గుక్కెడులోనే రసం నింపి, ప్రతి అక్షరం విడివిడిగా వినిపించారు. చదువు రాని వాడికీ పద్యం నోటికి వచ్చిందంటే అది ఆయన చలవ. దానికి మనం చెల్లించిన వెల కూడా చెప్పుకోవాలి. ఆ పాఠం అంత బలంగా నాటుకుపోయి, పరిషత్తు పోటీల్లో కుర్రవాడు వేరే రాగం ఎత్తుకుంటే తప్పు పాడుతున్నాడని వెనకనుంచి అనేదాకా వచ్చింది. ఏ రాత్రికి ఆ రాత్రి కొత్తగా పుట్టవలసిన పద్యానికి ఒకే వరస స్థిరమైంది. అది ఆయన కోరినది కాదు, మన చెవుల బద్ధకం.

మన ప్రాంతానికి ఈ కథలో చోటుంది. రామారావుగారు నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో మన నాచారంలోదే. 1977 జనవరి 14న విడుదలైన దానవీరశూరకర్ణలో ఆయనే కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు. దర్శకుడూ ఆయనే. అందులో జనం కంఠస్థం చేసింది కొండవీటి వెంకటకవిగారు రాసిన మాటలను, అందులోనూ ముఖ్యంగా దుర్యోధనుడి మాటలను. వన్స్ మోర్ అందుకునే చోటు పద్యం నుంచి వచనానికి, కృష్ణుడి నుంచి సుయోధనుడికి మారింది. ఆ సంవత్సరమే అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది. ఆ కేంద్రం ఇక్కడికి కూతవేటు దూరంలోని రామంతాపూర్‌లో ఉంది. టీవీ తెర మీద నటుడి ముఖం దగ్గరికి వచ్చింది, రాత్రంతా నడిచే నాటకం స్లాటులోకి సర్దుకుంది.

ఇక మిగిలింది మన ఇళ్ళలో ఉన్న సరుకు. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ కార్ఖానాలకు పనికి వచ్చిన కుటుంబాలు సొంత ఊళ్ళ నుంచి తెచ్చుకున్న వాటిలో క్యాసెట్లు ఉన్నాయి. తిరునాళ్ళలో, శ్రీరామనవమి పందిళ్ళలో ఎవరో టేపురికార్డరు ముందు పెట్టి పట్టినవి. కంపెనీ ప్లేటు వదిలేసినదంతా వాటిలో ఉంది: వన్స్ మోర్ కేకలు, హార్మోనిస్టు అందుకోలేక తడబడిన చోటు, దుర్యోధనుడి ఎదురు పద్యం, పిల్లల ఏడుపు. ఇవి కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు దయచేసి రొద తీసేయకండి, పద్యాలను ముక్కలుగా కోయకండి. క్యాసెట్టు రెండు పక్కలూ మొదటి నుంచి చివరిదాకా అలాగే ఎక్కించండి. ఏ ఊరు, ఏ పండగ, ఎన్నో కృష్ణుడు, హార్మోనియం ఎవరు అన్నది ఇంట్లో పెద్దవారు ఉండగానే అడిగి అట్ట మీద రాయండి. సంవత్సరం గుర్తు లేకపోతే, అప్పుడు ఇంట్లో ఎవరికి పెళ్ళయింది, ఎవరు పుట్టారు అని అడగండి. తేదీ దొరుకుతుంది.